కొండవాలు మీద నీటి గీతలు

(భూగోళం బోధించిన మా మాస్టారి స్మారక సభలో చేసిన ఉపన్యాస పాఠం)



పటం గోడకు తగిలించి పాఠం మొదలుపెట్టే అలవాటు మాస్టారికి లేదు. ముందు పిల్లల్ని చెరువు కట్ట ఎక్కించేవారు. ఈ నీళ్లు ఎక్కణ్నుంచి వచ్చాయి, ఎక్కడికి పోతాయి, మధ్యలో ఎవరు మళ్లించారు అని అడిగేవారు. ఈ మూడింటికీ జవాబు దొరికితే ఊరి భూగోళం సగం వచ్చినట్టేనని ఆయన లెక్క. ఈసారి స్మారకోపన్యాసం ఇవ్వమన్నప్పుడు, ఆ మూడు ప్రశ్నల్నీ మనకు బొత్తిగా పరిచయం లేని నేల మీద వేసి చూద్దామనిపించింది. ఆ నేల ఇంగ్లండులో నైరుతి మూలనున్న ఎక్స్‌మూర్ కొండసీమ. అక్కడి రైతులు కాలువలు తవ్వి నీళ్లు పెట్టింది గడ్డికి.

ఆ కాలువల్లో చాలావాటిలో నీళ్లు పారి వందేళ్లయింది. అయినా కొండవాలు మీద, ఒకదాని కింద ఒకటిగా, సన్నని అడ్డగీతలు ఇంకా మిగిలే ఉన్నాయి. వాటిని చదవడం ఎలాగో, అవి ఏం చెబుతున్నాయో మీ ముందుంచుతాను. నా వాదన ఒక్కటే: నీటి కట్టడాన్ని బతికించేది నీరొక్కటే కాదు, ఏటేటా పార పట్టే చెయ్యి. ఎక్స్‌మూర్‌లో నీళ్లకు కరువు రాలేదు. చేతులకు వచ్చింది.

వాన సీమలో నీటి తడులు

ఎక్స్‌మూర్ సోమర్సెట్, డెవన్ జిల్లాల్లో పరుచుకుని ఉంది. 1954లో దీన్ని జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 690 చదరపు కిలోమీటర్లు. అన్నిటికంటే ఎత్తైన డంకరీ శిఖరం 519 మీటర్లే. మన అరకు కొండల పక్కన నిలబెడితే అది గుట్ట. కానీ అట్లాంటిక్ సముద్రం మీదుగా వచ్చే మబ్బులకు అడ్డుపడేవి ఈ గుట్టలే కాబట్టి, ఎత్తు మీద ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన కురుస్తుంది. మెట్టలు తేమగా, పీచు మట్టితో మెత్తగా ఉంటాయి. వాటిని కోసుకుంటూ నిటారు వాలుల లోయలు కిందికి దిగుతాయి.

ఇంత వాన పడే చోట పచ్చికకు నీళ్లు పెట్టడమేమిటి? అదీ డిసెంబరు, జనవరి నెలల్లో, ఎముకలు కొరికే చలిలో?

మన దగ్గర నీళ్లు పెట్టేది నేల దాహం తీర్చడానికి. అక్కడ పెట్టింది నేల చలి వదిలించడానికి. గడ్డి ఎదగాలంటే నేలకు కనీసం అయిదారు డిగ్రీల వెచ్చదనం కావాలి. చలికాలంలో అక్కడి నేల అంతకంటే చల్లబడుతుంది, మంచు పట్టి గడ్డకడుతుంది. భూమిలోంచి ఊరే ఊటనీరు మాత్రం ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే వెచ్చదనంతో ఉంటుంది. దక్షిణ ఇంగ్లండులో అది పది డిగ్రీల దరిదాపు. ఆ నీటిని పలుచని పొరగా వాలు మీద కదులుతూ ఉండేలా పారిస్తే మంచు వేళ్లదాకా దిగదు. ఊరికే నిలవున్న నీరు పనికిరాదు. అది తానే గడ్డకడుతుంది, వేళ్లకు గాలి అందకుండా చేసి గడ్డిని కుళ్లబెడుతుంది. అందుకే నీళ్లు దుడుకు నడకన రావాలి, పరుగున పోవాలి అని అక్కడి నీటి పనివాళ్లలో ఒక మాట ఉండేది.

ఈ తంటాలన్నీ మార్చి, ఏప్రిల్ నెలల కోసం. అప్పటికి దాచిన ఎండుగడ్డి అయిపోవస్తుంది. గొర్రెలు ఈనుతుంటాయి. తల్లికి పచ్చిమేత లేకపోతే పాలు పడవు, పాలు లేకపోతే పిల్ల నిలవదు. కొత్త గడ్డి తనంతట తాను లేవాలంటే మరికొన్ని వారాలు ఆగాలి. నీళ్లు పారిన వాలు మీద ఆ గడ్డి ముందుగానే లేచేది. ఒక రైతు ఎన్ని తల్లిగొర్రెల్ని చలికాలం దాటించగలడన్నది ఆ కొద్ది వారాల మేతే తేల్చేది. గొర్రెలు మేసి వెళ్లాక మళ్లీ తడి పెట్టి, వేసవిలో ఎండుగడ్డికి కోసుకునేవారు. ఆ ఎండుగడ్డే వచ్చే చలికాలానికి ఆసరా. కాలువ ఒకటే, దాని మీద రెండు పంటలు.

దీనికో ముప్పూ ఉంది. వెచ్చని కాలంలో తడిసిన పచ్చికలో గొర్రెల్ని వదిలితే కాలేయపు జలగ పట్టుకుంటుంది. కనుక ఏ నెలలో నీళ్లు పారించాలో, ఏ నెలలో మందను తోలాలో, ఏ నెలలో దగ్గరికే రానివ్వకూడదో తెలిసి ఉండాలి. ఆ సంగతి తెలియని రైతుకు బోదె తవ్వడం వచ్చినా లాభం లేదు.

పారుదల పని తీరు

ఇంగ్లండులో పచ్చికకు నీళ్లు పెట్టే పద్ధతులు ముఖ్యంగా రెండు. నదీలోయల్లో, చదునైన నేల మీద చేసేది మొదటిది. నేలంతా వీపులు వీపులుగా ఎత్తుచేసి, వీపు మీద ఒక బోదె, రెండు వీపుల మధ్య పల్లంలో మురుగు పోయే బోదె తవ్వుతారు. సాలిస్‌బరీ చుట్టుపక్కల సుద్దరాతి లోయల్లో ఈ పద్ధతి 17వ శతాబ్దంలో బాగా విస్తరించింది. ఖర్చు చాలా ఎక్కువ. ఊళ్లో భూస్వామీ, కౌలుదార్లూ కూడబలుక్కుంటే తప్ప సాగే పని కాదు.

ఎక్స్‌మూర్‌లోది రెండో పద్ధతి. నీటి ఆధారం ఒక ఊట, లేదా కొండవాగు. వాగు పైభాగంలో చిన్న అడ్డుకట్ట వేసి, నీటిని పక్కకు తిప్పి, వాలుకు అడ్డంగా ఒకే ఎత్తున నడిచే బోదెలోకి పంపుతారు. బోదెకు దాదాపు వాలే ఉండదు. మధ్యమధ్య పచ్చిక పెళ్లలతో దాన్ని మూసేస్తే, నీళ్లు నిండి కిందివైపు గట్టు మీదుగా పొర్లుతాయి, వాలంతా పలుచగా పరుచుకుంటాయి. కొన్ని గజాల కింద మరో బోదె ఆ నీటిని పట్టుకుని, సమంగా సర్ది, మళ్లీ పొర్లిస్తుంది. దాని కింద ఇంకొకటి. అడుగున మిగిలిన నీరు తిరిగి వాగులో కలుస్తుంది. మురుగు బోదెలు అక్కర్లేదు, వాలే ఆ పని చేస్తుంది. కావలసిన సరంజామా ఒక పార, చూపు తప్పని కన్ను.

కష్టమంతా ఆ చూపులోనే. గట్టు ఒక్కచోట వేలెడు పల్లంగా ఉన్నా నీళ్లన్నీ అక్కడే దూకుతాయి. దాని కింద గండి పడుతుంది, మిగతా వాలు ఎండిపోతుంది. మన పొలాల్లో మడవ తిప్పే నీరుగంటికి, తెలంగాణలో నీరటికి, ఈ బాధ కొత్తగా చెప్పనక్కర్లేదు.

ఇంకో తెలివి ఉంది. చాలా చోట్ల రైతు తన పశువుల కొట్టాన్ని పచ్చిక వాలుకు పైన కట్టుకున్నాడు. కొట్టం కడిగిన నీళ్లు, పేడ, మూత్రం అన్నీ కలిసి ఒక చిన్న కుంటలోకి చేరేవి. చలికాలంలో ఆ కుంట తూము తీస్తే ఎరువు నీటితో కలిసి తానే పొలమంతా నడిచి వెళ్లేది. నిటారు వాలు మీద బండి ఎక్కదు. అక్కడ ఎరువు మోయడానికి నీళ్లనే కూలికి పెట్టుకున్నట్టయింది. కొట్టం, కుంట, బోదెలు, పచ్చిక, మళ్లీ కొట్టంలోకి ఎండుగడ్డి. ఈ చుట్టులో ఏ ఒక్కటి తీసేసినా తక్కినవాటికి అర్థం ఉండదు.

కాగితాల మీదికెక్కిన కథ

ఈ విద్య మీద ఇంగ్లండులో పుస్తకం రాసిన తొలివారిలో రోలండ్ వాన్ ఒకడు. హియర్‌ఫర్డ్‌షైర్‌లోని గోల్డెన్ వ్యాలీలో తన భూముల్లో చేసిన నీటి పనుల గురించి 1610లో పుస్తకం అచ్చువేశాడు. వాగు ఒడ్డున చుంచెలుక తవ్విపోసిన మట్టికుప్పలోంచి నీరు జారి, అది పారినంత మేరా గడ్డి పచ్చగా ఉండటం చూసి తనకు ఈ ఆలోచన వచ్చిందని చెప్పుకున్నాడు. 1779లో జార్జ్ బాస్వెల్ పచ్చికల నీటిపారుదల మీద మరో గ్రంథం తెచ్చాడు. 1849లో ఫిలిప్ ప్యూజీ రాయల్ అగ్రికల్చరల్ సొసైటీ పత్రికలో ఇదే అంశం మీద సిద్ధాంతం, ఆచరణ కలిపి ఒక వ్యాసం రాశాడు. అయితే రాసినవాళ్లందరూ భూస్వాములు, దివాన్లు, సంస్కర్తలు. చలిలో మోకాలు లోతు నీళ్లలో నిలబడి పెళ్లలు కోసిన మనుషుల పేర్లు పుస్తకాల్లో దాదాపు కనబడవు. వాళ్లు రాసిందల్లా కొండ మీది గీతలే.

ఎక్స్‌మూర్‌కే ప్రత్యేకమైన ఘట్టం నైట్ కుటుంబానిది. రాజు ఆధీనంలోని ఎక్స్‌మూర్ బీడును పంచి కంచె వేయడానికి 1815లో చట్టం వచ్చింది. వూస్టర్‌షైర్ ఇనుప పరిశ్రమ కుటుంబానికి చెందిన జాన్ నైట్ 1818లో రాజు వాటా కింద వచ్చిన పదివేల ఎకరాల పైచిలుకును 50,000 పౌండ్లకు కొన్నాడు. కొండంతా సాగులోకి తెద్దామన్నది అతని పంతం. బార్ల్ నది పుట్టే చోట పింక్‌వర్తీ అనే చెరువు కట్టించాడు, కాలువ తవ్వించబోయి సగంలో ఆపాడు. ఆ చెరువు ఎందుకు కట్టించాడో చరిత్రకారుల మధ్య ఇప్పటికీ చర్చ తెగలేదు.

కొడుకు ఫ్రెడరిక్ నైట్ హయాంలో, 1848 నుంచి, రాబర్ట్ స్మిత్ దివానుగా వచ్చాడు. ఎమెట్స్ గ్రేంజ్ అనే పొలంలో కాపురం పెట్టి, వాలుల మీద బోదెల పచ్చికలు వేయించాడు. బీడును సాగులోకి తేవడం గురించి 1856లో అదే సొసైటీ పత్రికలో వ్యాసం రాశాడు. గమనించండి: పెద్ద చెరువు ప్రయోజనమేమిటో ఎవరికీ అంతుబట్టలేదు. పారతో గీసిన చిన్న బోదెల మీద మాత్రం తరాల తరబడి గొర్రెలు బతికాయి. స్మిత్ కొత్తగా కనిపెట్టిందీ కాదది. చుట్టుపక్కల చిన్న రైతులు అప్పటికే చేస్తున్నదాన్ని పెద్ద కమతం మీదికి తెచ్చాడు, అంతే.

జాడలు చదవడం

ఇప్పుడు మాస్టారికి ఇష్టమైన భాగం. కొండవాలు మీద ఒక అడ్డగీత కనబడింది. అది నీటి బోదే అని ఎలా నమ్మాలి? గొర్రెల బాట కావచ్చు, పాత దున్నకం గట్టు కావచ్చు, పడిపోయిన కంచెకట్ట కావచ్చు, మిల్లుకు నీళ్లు తీసుకుపోయిన కాలువ కావచ్చు.

మొదట తల చూడాలి. నీటి బోదె ఎక్కడో ఒక వాగు దగ్గర, ఊట దగ్గర, లేదా కొట్టం కింది కుంట దగ్గర మొదలవుతుంది. తల లేని గీతను అనుమానించాలి. రెండోది ఎత్తు. గొర్రెల బాట తోచినట్టు ఎక్కుతుంది, దిగుతుంది, చీలుతుంది, కలుస్తుంది. బోదె కొండ ఎన్ని వంపులు తిరిగినా ఎత్తు వదలదు. మూడోది తోడు. మిల్లు కాలువ పెద్దది, ఒంటరిది. పచ్చిక బోదెలు చిన్నవి, ఒకదాని కింద ఒకటిగా వరసలో ఉంటాయి. నాలుగోది కంచెకట్టతో దాని సంబంధం. బోదె కట్ట కింది నుంచి రాతి తూములో దూరి వెళితే కట్ట వేసినప్పుడు బోదె వాడుకలో ఉందన్నమాట. కట్ట దాన్ని అడ్డంగా తెగ్గొట్టేస్తే అప్పటికే దాన్ని వదిలేశారన్నమాట. ఒకే ఒక్క కట్ట దగ్గర నిలబడి ఈ మాత్రం కాలక్రమం చెప్పొచ్చు.

సరిగ్గా ఫలానా ఏడు అని చెప్పడం కష్టం. బోదెను ఏటా పూడిక తీస్తారు. ప్రతి పూడికతీతా అంతకు ముందరి జాడను తుడిచేస్తుంది. మిగిలి ఉన్నది మొదట తవ్విన బోదె రూపం కాదు, చివరిసారి బాగుచేసిన రూపం. అందుకే పరిశోధకులు నేలతో పాటు కాగితం కూడా చూస్తారు. చర్చికి ఇచ్చే పదోవంతు ధాన్యాన్ని నగదు కిందికి మార్చే చట్టం 1836లో వచ్చింది. దాని కోసం గీసిన పటాల్లో ప్రతి పొలానికీ నంబరుంది, చాలా వాటికి పేరుంది. నీళ్ల పచ్చిక అనో బోదెల పచ్చిక అనో అర్థమిచ్చే పేరు దొరికితే, ఆ వాలు మీద గీతకు సాక్ష్యం దొరికినట్టే.

నేల మీద నిలబడితే ఈ గీతలు ఒక్కోసారి అసలు కనబడవు. పొద్దు వాలి, ఏటవాలు ఎండ పడినప్పుడు అంగుళాల పల్లానికి కూడా నీడ వస్తుంది. పలుచగా మంచు కురిసి కరుగుతున్నప్పుడు బోదెల్లో మంచు ఆలస్యంగా కరిగి తెల్లచారలు తేలతాయి. విమానం నుంచి తీసిన ఫొటోలతో ఎక్స్‌మూర్‌లో ఇలాంటి జాడల్ని పెద్దఎత్తున పటాలకెక్కించారు. హేజెల్ రైలీ, రాబర్ట్ విల్సన్-నార్త్ 2001లో ప్రచురించిన ఎక్స్‌మూర్ క్షేత్ర పురావస్తు గ్రంథం ఈ అధ్యయనానికి మంచి ఆధారం. తర్వాత లైడార్ వచ్చింది. విమానం నుంచి లేజరు కిరణాలు పంపి, చెట్లూ పొదలూ తీసేసిన నేల రూపాన్ని తెరమీద చూపించే పద్ధతి అది. ఇంగ్లండు పర్యావరణ సంస్థ ఆ సమాచారాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా బయటపెట్టింది. ఇంట్లో కూర్చుని కూడా ఒక లోయలోని బోదెలన్నీ లెక్కపెట్టొచ్చు. అయితే లైడార్ గీతను చూపిస్తుందే గానీ నీళ్లు ఎవరి వంతో చెప్పదు.

వంతులు రాసిన కర్రలు

నీళ్లు ఎవరి వంతన్న ప్రశ్నకు జవాబు, పచ్చికకు నీళ్లు పెట్టే మరో కొండసీమలో, స్విట్జర్లండులోని వాలే ప్రాంతంలో దొరుకుతుంది. అక్కడి రోన్ నది లోయకు రెండు వైపులా ఆల్ప్స్ గోడలు కట్టినట్టుంటాయి కాబట్టి వాన లోపలికి పెద్దగా రాదు. సియోన్ పట్టణంలో ఏడాది వాన 600 మిల్లీమీటర్ల దరిదాపు. మన అనంతపురం కంటే పెద్దగా ఎక్కువేం కాదు. పైన హిమానీనదాలు, కింద ఎండిన పచ్చికలు. 15వ శతాబ్దం నాటికే అక్కడి పల్లెలు కొండ కొమ్ముల వెంట, కొన్నిచోట్ల నిలువు రాతిగోడకు చెక్క దోనెలు వేలాడదీసి, మైళ్ల దూరం కరిగిన మంచు నీళ్లు తెచ్చుకున్నాయి. ఫ్రెంచి మాట్లాడే చోట వాటిని బిస్‌లు అంటారు, జర్మన్ మాట్లాడే చోట సువోనెన్ అంటారు.

అక్కడ నీరు ఊరుమ్మడి. ఏ ఇంటికి ఎన్ని గంటల నీళ్లో చెక్కముక్కల మీద గాట్లు పెట్టి భద్రపరిచారు. కాలువకు కావలి మనిషి ఉండేవాడు. నీటి ఉరవడికి తిరిగే చిన్న చక్రం ఒక సుత్తిని చెక్క మీద కొడుతూ ఉండేది. సుత్తి చప్పుడు ఆగిందంటే పైన ఎక్కడో కాలువ తెగిందని అర్థం, కావలివాడు రాత్రయినా బయలుదేరాలి.

వాలేలో చాలా కాలువలు బతికాయి. ఎక్స్‌మూర్‌లో పోయాయి. వాలేలో నీళ్లు లేకపోతే గడ్డే లేదు, పైగా కాలువను కాపాడటానికి ఒక ఉమ్మడి కట్టుబాటు ఉంది. ఎక్స్‌మూర్‌లో ఎవరి వాలు వారిది, ఎవరి బోదె వారిది. నీళ్లు పెట్టకపోయినా గడ్డి ఎలాగో మొలుస్తుంది, కాకపోతే ఆలస్యంగా. ఆ ఆలస్యాన్ని డబ్బుతో పూడ్చుకోగల దారి దొరికిన రోజున బోదె అవసరం తీరిపోయింది.

ఎందుకు ఆగింది?

బోదె లేకుండా గడుపుకునే దారులు ఒకదాని వెంట ఒకటి తెరుచుకున్నాయి. జాన్ లాస్ 1842లో సూపర్ ఫాస్ఫేట్ ఎరువుకు పేటెంటు తీసుకున్నాడు. ఎరువు సంచి కొనుక్కునే వీలు వచ్చాక కొట్టం కడిగిన నీళ్లకు విలువ తగ్గుతూ వచ్చింది. 1870ల నుంచి అమెరికా గోధుమ చవగ్గా దిగి ఇంగ్లండు వ్యవసాయాన్ని కుంగదీసింది. 1882లో న్యూజిలాండ్ నుంచి గడ్డకట్టించిన మాంసంతో తొలి ఓడ వచ్చింది. వసంతపు గొర్రెపిల్లకు పోటీగా భూగోళం అవతలి గొర్రె వచ్చి కూర్చుంది. కూలీలు పట్నాలకు వెళ్లారు. మొదటి ప్రపంచ యుద్ధం యువకుల్ని తీసుకుపోయింది. తర్వాత ట్రాక్టరు వచ్చింది. దానికి బోదెలు అడ్డం. కొన్ని పొలాల్లో 20వ శతాబ్దం నడుమ దాకా నీళ్లు పారాయి, తక్కినవి అప్పటికే పూడిపోయాయి. దున్నిన వాలు మీద జాడ కూడా మిగల్లేదు. మిగిలినవి దున్నడానికి వీల్లేనంత నిటారుగా ఉన్నవే.

ఆ పాత పనిని మరీ ముద్దు చేయనక్కర్లేదు. గడ్డకట్టే నీళ్లలో, తక్కువ కూలికి, రోజల్లా నిలబడే పని అది. దాన్ని వదిలి పట్నం వెళ్లిన మనిషిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. కానీ పనితో పాటు జ్ఞానం కూడా పోనక్కర్లేదు. నీటిని వాలు మీద నెమ్మదింపజేయడం ఎలాగన్న ప్రశ్న ఇప్పుడు వరదల రూపంలో మళ్లీ వచ్చింది. ఎక్స్‌మూర్‌లోనే హోల్నికోట్ ఎస్టేటులో నేషనల్ ట్రస్ట్ సంస్థ 2009 నుంచి, దిగువ ఊళ్లను ముంపు నుంచి కాపాడేందుకు కొండ మీదే నీటి వేగం తగ్గించే పనులు చేపట్టింది. దాని పద్ధతులు వేరు, ప్రశ్న మాత్రం పాతదే. 2023 డిసెంబరులో యునెస్కో, స్విట్జర్లండు, జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీ, బెల్జియం, లక్సెంబర్గ్, నెదర్లాండ్స్ దేశాల సంప్రదాయ నీటిపారుదల విద్యను మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో చోటిచ్చింది రాయికీ కట్టకూ కాదు. తెలిసిన పద్ధతికి, కలిసి చేసే కట్టుబాటుకు. ఆ జాబితా సరైన చోట వేలు పెట్టిందని నా అభిప్రాయం.

మన సంగతి

శ్రీకాకుళం, మన్యం కొండల్లో సవరలు రాళ్లు పేర్చి, మెట్లు మెట్లుగా మళ్లు కట్టి, కొండవాగు నీటిని ఒక మడి నుంచి మరో మడికి దింపుతారు. తెలంగాణ వాగుల మీద కత్వలు కట్టి చెరువుకు నీళ్లు మళ్లించారు. రాయలసీమలో నీరుగంటి చెప్పినట్టు తూము తెరిచారు, మూశారు. వీటిలో కొన్ని నడుస్తున్నాయి, చాలా ఆగిపోయాయి. నడిచే చెరువు గురించి మాట్లాడేవాళ్లు ఉన్నారు. ఆగిపోయిన కాలువ గురించి మాట్లాడటానికి ఎవరూ ఉండరు. బోరు పడిన రోజున నీరటి వంతు అక్కర్లేకపోయింది, వంతు అక్కర్లేని రోజున కాలువ పూడిపోయింది, పూడిన కాలువ ప్లాటు అయింది. ఎక్స్‌మూర్‌లో ఎరువు సంచి చేసిన పని ఇక్కడ బోరు మోటారు చేసింది.

కొండను దున్నకుండా నిటారుతనం కాపాడినట్టు, మన పల్లంలోని కాలువ జాడల్ని కాపాడేది ఏదీ లేదు. కనుక మాస్టారి శిష్యులకు, ముఖ్యంగా ఉపాధ్యాయులుగా ఉన్నవారికి నా విన్నపం ఇది. మీ ఊరి నక్షా తీయండి. అందులో గీసిన ప్రతి కాలువ వెంట పిల్లల్ని నడిపించండి. తల ఎక్కడ, తోక ఎక్కడ, ఎక్కడ తెగింది, ఎక్కడ ఇల్లు లేచింది అని గుర్తు పెట్టించండి. ఊళ్లో నీరటి పని చేసిన పెద్దాయన ఇంకా ఉంటే, ఏ మడికి ఎంత సేపు నీళ్లు పెట్టేవారో, కరువు ఏట వంతు ఎలా తిప్పేవారో ఆయన నోటనే రాసుకోండి. కాలువలో నీళ్లు తిరిగి వస్తాయా రావా అన్నది తర్వాతి మాట. ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి పంచాయతీలో పెట్టండి. ఈ పని ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టండి. నీరటిని వచ్చే ఏడు అడుగుదామని వాయిదా వేయకండి.